ఐసు ఫ్లాస్కులో రక్తం

1990ల్లో నెల్లూరులో నా ల్యాబ్ ఆస్తంతా ఒక మైక్రోస్కోపు, రక్తం తిప్పే సెంట్రిఫ్యూజ్, ఒక ఫ్లాస్కు. షుగరు, హిమోగ్లోబిన్ నేనే చూసేవాణ్ణి. క్యాన్సర్ మార్కర్ అని డాక్టరు రాస్తే మాత్రం, రక్తం తిప్పి, పైకి తేలిన పసుప్పచ్చటి సీరాన్ని చిన్న గొట్టంలోకి తీసి, ఫ్లాస్కులో ఐసు నడుమ కూర్చోబెట్టి మద్రాసు రైలెక్కించేవాణ్ణి.

మైపాడు వైపు పట్టపుపాళెం నుంచి ఒకామె వచ్చేది. ముత్యాల గర్భం, అంటే బిడ్డ ఎదగాల్సిన చోట మాయ కణాలు అడ్డదిడ్డంగా పెరిగిన గర్భం. కడుపు శుభ్రం చేశాక కూడా బీటా హెచ్‌సీజీ దిగలేదు. గర్భిణి రక్తంలో ఉండే హార్మోనే అది. బిడ్డ లేని ఒంట్లో తగ్గకుండా ఉందంటే మాయ కణాలు ఎక్కడో పెరుగుతున్నట్టే. మద్రాసులో మెథోట్రెక్సేట్ సూదులు మొదలెట్టారు. నెలకే తేరుకుంది.

"ఒళ్లు బాగానే ఉందిగదన్నా, ఇంకా ఈ సూదులెందుకు?" అంది చేపల గంప దించుతూ.

5 లోపు ఉండాల్సింది చీటీలో 86 ఉంది.

ఒళ్లు బాగున్నాక కూడా సూదులెందుకన్న ఈ ప్రశ్న మీదే అమెరికాలో ఒక డాక్టరు ఉద్యోగం పోయింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కలిసి, మాయలో పుట్టే క్యాన్సర్‌ను ఇదే మందుతో కరిగించారు. అప్పట్లో ఈ హార్మోన్ని కొలవాలంటే రోగి మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి చూడాలి. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైనా మూత్రంలో జాడ ఉన్నంతకాలం మందు ఆపనన్నాడు లీ. మనుషుల మీద ప్రయోగాలంటూ 1957లో ఆయన్ని ఉద్యోగంలోంచి పంపించేశారు. అదే లీకి 1972లో లాస్కర్ బహుమతి ఇచ్చారు! ఆ మందు వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం పనిలోంచి వచ్చిందది. ఆయన 1948లోనే పోయాడు, ఈ సంగతి చూడలేదు.

అన్ని మార్కర్లూ ఇంత నిక్కచ్చిగా మాట్లాడవు. 1965లో మాంట్రియల్‌లో పట్టుకున్న సీఈఏ అనే మార్కరు పెద్దపేగు క్యాన్సర్‌లోనూ పెరుగుతుంది, బీడీలు కాల్చేవాడిలోనూ కాస్త పెరుగుతుంది. ఏ జబ్బూ లేనివాడొచ్చి "అన్ని క్యాన్సర్లకీ ఒక్క రక్తపరీక్ష చెయ్యి సార్" అంటే నాకిప్పటికీ చిరాకే.

ఆమెకు ఇదంతా చెప్పలేదు. "ఒళ్లు చెప్పేది కాదమ్మా, ఈ అంకె చెప్పాల" అన్నాను. అంకె 5 లోపుకు దిగాకా కొన్నాళ్లు సూదులు పడ్డాయి. ఆపై ఏడాదంతా నెలనెలా రక్తమిచ్చింది. చేపల గంప నా గుమ్మంలోనే దించేది. వాసన సాయంత్రం దాకా పోయేది కాదు.