బాబాయ్ లెక్క, భూమి లెక్క

పోయిన నెల నాన్న తద్దినానికి మా ఊరెళ్ళాను. నాన్న పోయి మూడేళ్ళు. నేను దేవుణ్ణి నమ్మనని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా తద్దినం మాత్రం మానలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు కూడా. తడి బట్టలతో పీట మీద కూర్చుని, శాస్త్రి గారు సంకల్పం చెప్తుంటే ఆయన వెనకాలే పలికాను. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం... చిన్నప్పటినుంచీ విన్నవే కాబట్టి నోరు దానంతటదే తిరిగిపోతుంది.

భోక్తలు వెళ్ళి, మా భోజనాలయ్యేసరికి మూడు దాటింది. అరుగు మీద నడుం వాల్చబోతుంటే బాబాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. చేతిలో ఫోను, అందులో ఒక వాట్సాప్ మెసేజీ.

"ఒరేయ్, మీ సైన్సు వాళ్ళు భూమి వయసు ఎంతన్నారు?"

"సుమారు 454 కోట్ల ఏళ్ళు బాబాయ్."

"బ్రహ్మకి ఒక పగలెంతో తెలుసా? 432 కోట్ల ఏళ్ళు. మెషీన్లూ గట్రా ఏమీ లేకుండా మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. సృష్టించినవాడు చెప్పకపోతే వీళ్ళకెలా తెలుస్తుంది? పొద్దున్న నువ్వు పలికింది అదేగా!"

ఇలాంటి మెసేజీలు మనందరికీ వస్తూనే ఉంటాయి. మామూలుగా అయితే నవ్వేసి ఊరుకుంటాను. కానీ ఆ రోజు పొద్దున్నే ఆ మాటలు నా నోటితో నేనే పలికాను కదా, ఊరుకోబుద్ధి కాలేదు. అప్పుడు ఆయనతో అన్నవీ, తర్వాత హైదరాబాద్ వచ్చి చదువుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అవతలి వాళ్ళ కథ చూద్దాం. పుస్తకం చూసి భూమి వయసు కట్టడం మన ఒక్కరి సొత్తు కాదు. ఐర్లండ్‌లో జేమ్స్ అషర్ అని ఒక ఆర్చిబిషప్పు ఉండేవాడు. బైబిల్లో ఎవరికి ఎన్నేళ్ళకి ఎవరు పుట్టారో కూడుకుంటూ, బాబిలోనియా, పర్షియా, రోము రాజుల చరిత్రతో సరిపోల్చుకుంటూ, 1650లో ఒక తేదీ తేల్చాడు. సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరు 23న, దానికి ముందటి సాయంత్రం మొదలైందన్నాడు. ఇప్పుడు ఆయన్ని అందరూ వెక్కిరిస్తారు గానీ, ఆ కాలానికి అది గొప్ప పాండిత్యమే. కెప్లరూ, న్యూటనూ వేసిన లెక్కలు కూడా క్రీ.పూ. 4000కి అటూ ఇటూగానే తేలాయి. తెలివి తక్కువై కాదండీ, వాళ్ళ దగ్గరున్న డేటా అంతే. రాళ్ళలో కూడా లెక్క ఉంటుందని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ తట్టినవాళ్ళలో ఒకడు ఫ్రాన్సుకి చెందిన బుఫాన్. భూమి ఒకప్పుడు కరిగిన ముద్ద అయ్యుంటే, చల్లారడానికి ఎంతకాలం పట్టుండాలి? ఇనప గుండ్లని ఎర్రగా కాల్చి, అవి ఎంతసేపట్లో చల్లారుతున్నాయో కొలిచి, దాన్ని భూమి సైజుకి పెంచాడు. 1778లో అచ్చేసిన పుస్తకంలో సుమారు 75 వేల ఏళ్ళన్నాడు. అచ్చెయ్యని కాగితాల్లో ముప్ఫై లక్షల దాకా వెళ్ళాడు. అచ్చులో అంత తగ్గించడానికి కారణాలేవైనా, భయం లేదని మాత్రం చెప్పలేం. అంతకుముందు 1751లో ఇలాంటి రాతలకే పారిస్ సోర్బాన్ మతపండితులు అభ్యంతరం చెబితే, రాసింది వెనక్కి తీసుకుంటున్నానని ఆయన ఒప్పుకోవాల్సి వచ్చింది.

తర్వాత స్కాట్లండ్‌లో జేమ్స్ హట్టన్. 1788లో సిక్కర్ పాయింట్ అనే సముద్రపు ఒడ్డున, నిలువుగా నిలబడ్డ రాతి పొరల మీద అడ్డంగా పరుచుకున్న వేరే పొరల్ని చూశాడు. కింది పొరలు సముద్రం అడుగున పేరుకోవాలి, గట్టిపడాలి, పైకి లేచి నిలువుగా తిరగాలి, అరిగిపోవాలి, ఆ తర్వాత వాటిమీద కొత్త పొరలు పడాలి. ఇదంతా ఆరువేల ఏళ్ళలో జరిగే పని కాదు. గమ్మత్తేంటంటే హట్టన్ నాస్తికుడు కాదు. ఈ అరుగుదల, పేరుకోవడం అన్నీ దేవుడు ప్రపంచాన్ని బతికించడానికి చేసిన ఏర్పాటే అని నమ్మినవాడు.

ఇక్కడిదాకా విని బాబాయ్ అన్నాడు, "చూశావా, మతాన్ని ఎదిరించి సైన్సు గెలిచిందంటావు, అంతేగా నీ కథ."

కాదు. అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆ తర్వాత అందరికంటే పెద్ద తప్పు చేసింది ఒక సైంటిస్టే.

1859లో డార్విన్ తన పుస్తకంలో, దక్షిణ ఇంగ్లండులోని వీల్డ్ అనే లోయ అలా కోసుకుపోవడానికి సుమారు 30 కోట్ల ఏళ్ళు పట్టుండాలని ఒక అంచనా వేశాడు. జీవపరిణామానికి టైము కావాలి కదా. 1862లో విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, భూమి చల్లారడాన్ని ఫోరియర్ ఈక్వేషన్లతో కట్టి, 9.8 కోట్ల ఏళ్ళని తేల్చాడు. డేటా సరిగ్గా లేదు కాబట్టి 2 కోట్ల నుంచి 40 కోట్ల దాకా ఎంతైనా ఉండొచ్చని తనే అన్నాడు. తర్వాత తర్వాత ఆ రేంజిని బిగించుకుంటూ పోయి, 1897కి 2 నుంచి 4 కోట్లలోకి దించాడు. డార్విన్ వీల్డ్ లెక్కకి వేరే విమర్శలు కూడా వచ్చాయి, 1861లో మూడో ఎడిషన్ నుంచే దాన్ని తీసేశాడు. కెల్విన్ లెక్క మాత్రం ఆయన్ని చివరిదాకా బాధపెట్టింది.

మనకి బాగా తెలిసిన పరిస్థితే కదా ఇది! కోడ్‌లో బగ్ లేదు. టెస్టులన్నీ పాస్. రివ్యూ చేసినవాడు కంపెనీలోకెల్లా సీనియర్. కానీ మొదటి లైన్లో రాసుకున్న అజంప్షన్ తప్పు. భూమి లోపలంతా గట్టి రాయిలా ఉండి, వేడి కేవలం రాయిలోంచి పాకుతూనే బయటికొస్తుందని కెల్విన్ అనుకున్నాడు. 1895లో ఆయన దగ్గర ఒకప్పుడు అసిస్టెంటుగా పనిచేసిన జాన్ పెర్రీ అనే ఇంజినీరు, నేచర్ పత్రికలో ఆ అజంప్షన్నే పట్టుకున్నాడు. లోపలి పదార్థం కదులుతూ వేడిని పైకి మోసుకొస్తుంటే, అవే ఈక్వేషన్లతో వయసు వందల కోట్ల ఏళ్ళకి పెరుగుతుందని చూపించాడు. తన గురువంతటివాణ్ణి, అదీ బతికుండగానే. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1896లో బెకెరల్ రేడియోధార్మికతని కనుక్కున్నాడు. 1903లో రేడియం తనంతట తనే వేడి పుట్టిస్తోందని తేలింది. 1904లో రూథర్‌ఫర్డ్ లండన్‌లో దీనిమీద ఉపన్యాసం ఇవ్వడానికి లేచేసరికి, ఎదురుగా ఎనభై ఏళ్ళ కెల్విన్ కూర్చుని ఉన్నాడట. కొత్త వేడి ఆధారమేదీ దొరక్కపోతేనే తన లెక్క నిలుస్తుందని కెల్విన్ ముందే చెప్పాడుగా అంటూ రూథర్‌ఫర్డ్ గౌరవంగా గట్టెక్కాడు. దాంతో రేడియోధార్మికతే కెల్విన్‌ని ఓడించిందని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు. నిజానికి ఆ వేడి ఒక్కటే కలిపితే ఆయన లెక్క పెద్దగా మారదు. పెద్ద తప్పు పెర్రీ చూపించినదే.

రేడియోధార్మికత చేసిన అసలు మేలు వేరే. అది రాయిలో గడియారం పెట్టింది. యురేనియం-238 సగం తరిగిపోవడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, చివరికి సీసం-206 అవుతుంది. యురేనియం-235కి సుమారు 70 కోట్ల ఏళ్ళు, అది సీసం-207 అవుతుంది. అంటే ఒకే రాయిలో వేర్వేరు స్పీడులతో తిరిగే రెండు గడియారాలు. రెండూ ఒకే టైము చూపిస్తే నమ్మొచ్చు, చూపించకపోతే ఆ రాయికి మధ్యలో ఏదో అయిందని తెలిసిపోతుంది. తప్పైతే తనే పట్టుబడే ఏర్పాటు అన్నమాట. 1907లో బోల్ట్‌వుడ్ కొన్ని రాళ్ళకి 41 నుంచి 220 కోట్ల ఏళ్ళని లెక్కగట్టాడు. 1911లో ఆర్థర్ హోమ్స్ అనే కుర్రాడు, అప్పటికి ఇరవయ్యొకటే, ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు.

చివరికి అమెరికాలో క్లెయిర్ పాటర్సన్. ఆరిజోనాలో పడిన ఒక ఇనప ఉల్కలో యురేనియం దాదాపు లేదు, కాబట్టి అందులో ఉన్న సీసం సౌరకుటుంబం పుట్టినప్పటి సీసమే. దాన్ని రాతి ఉల్కల్లోని సీసంతోనూ, సముద్రపు అడుగున పేరుకున్న మట్టిలోని సీసంతోనూ పోల్చాడు. అన్నీ ఒకే గీత మీద పడ్డాయి. 1956లో అచ్చైన జవాబు 455 కోట్ల ఏళ్ళు, 7 కోట్లు అటూ ఇటూగా. ఇప్పటికీ దాదాపు అదే నిలిచింది.

ఇందులో ఇంకో సంగతుంది. సీసం కొలుద్దామంటే పాటర్సన్‌కి ల్యాబ్‌లో ఎక్కడ చూసినా సీసమే తగిలేది. గాల్లో, దుమ్ములో, జుట్టులో కూడా. ఎక్కడినుంచి వస్తోందా అని వెంటపడితే పెట్రోల్లో కలిపే సీసం దగ్గర తేలింది. 1965 నుంచి ఆ కంపెనీలతో ఆయన చేసిన పోరాటం చిన్నది కాదు. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది.

సరే, ఇప్పుడు బాబాయ్ లెక్కకొద్దాం. లెక్కల మాస్టారు కాబట్టి కాగితం, పెన్నూ ఆయన చేతికే ఇచ్చాను. 432 కోట్లనేది బ్రహ్మ పగలు మొత్తం. సంకల్పంలో మనం చెప్పేది ఆ పగటిలో ఎంత గడిచిందో. ఏడో మన్వంతరం, ఇరవయ్యెనిమిదో మహాయుగం, కలియుగం. మన్వంతరానికి 71 మహాయుగాలు, అంటే 30 కోట్ల 67 లక్షల 20 వేలు. అలాంటివి ఆరు, మధ్యలో సంధులు ఏడు, తర్వాత 27 మహాయుగాలు, ఈ మహాయుగంలో అయిపోయిన మూడు యుగాలు, క్రీ.పూ. 3102 నుంచి నడుస్తున్న కలి. బాబాయ్ కూడి కింద గీత గీశాడు. సుమారు 197 కోట్ల 29 లక్షలు.

454 కాదు, 197. భూమి వయసులో సగం కూడా కాదు.

"పోనీ బ్రహ్మకి యాభై ఏళ్ళు నిండాయి కదా, అవి కూడా కలుపు" అన్నాడు. కలిపితే ఒక కోటీ యాభై అయిదు లక్షల కోట్లు దాటింది. మొత్తం విశ్వానికే 1380 కోట్లంటున్నారు. దగ్గరికొచ్చిన అంకె ఒక్కటే ఏరుకుని మిగతావి వదిలెయ్యడం న్యాయం కాదు కదా.

మరి 432 ఎక్కడినుంచి వచ్చింది? 499లో ఆర్యభటుడు రాసింది చూస్తే దాని వాడకం కొంత అర్థమవుతుంది. 43,20,000 ఏళ్ళ యుగంలో చంద్రుడు 5,77,53,336 సార్లు తిరుగుతాడని ఆయన లెక్క. గ్రహాలన్నీ భిన్నాలు లేకుండా పూర్తి చుట్లు తిరిగేంత పెద్ద కాలం కావాలి. మన భాషలో చెప్పాలంటే ఒక రకం క.సా.గు. ఆకాశాన్ని కొలవడానికి పెట్టుకున్న స్కేలు అది. ఆ స్కేలుతో ఆయన చంద్రుడి చుట్లు ఎంత సరిగ్గా పట్టాడో చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. అది వదిలేసి, ఆయన వెయ్యని లెక్కకి ఆయన్ని మెచ్చుకోవడం నాకు అవమానంగానే తోస్తుంది.

హైదరాబాద్‌లో మా ఆఫీసు కట్టడానికి పేల్చిన గ్రానైటు బండలు ఇంకా కాంపౌండు పక్కనే పడున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. రోజూ టీ తాగుతూ నేను ఆనుకునే బండ, సంకల్పం లెక్క ప్రకారం ఈ కల్పం మొదలవక ముందుదన్నమాట.

బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రెండు ప్రశ్నలడిగాడు.

"మీవాడు కెల్విన్ కూడా తప్పేగా చెప్పాడు? రేపు ఈ 454 కూడా తప్పంటే?"

"అనొచ్చు బాబాయ్. కాకపోతే కెల్విన్ తప్పని చెప్పింది ఆయన అసిస్టెంటే, ఆయన ఈక్వేషన్లతోనే. ఈ 454ని ఎలా తప్పని చూపించాలో పద్ధతి కూడా వాళ్ళే రాసిపెట్టారు. ఆ మెసేజీలో అదెక్కడుంది?"

"సరే. ఆ మొదటి సీసం, మొదటి యురేనియం ఎవరు చేశార్రా?"

నక్షత్రాల్లోనూ, అవి పేలినప్పుడూ, చచ్చిన నక్షత్రాలు ఢీకొన్నప్పుడూ అని చెప్పాను. "దానికి ముందో?" అన్నాడు. దానికి ముందు హైడ్రోజన్, హీలియం. "దానికి ముందో?" అక్కడికి నా జవాబులైపోయాయి. మిగిలిన జాగాలో ఆయన దేవుణ్ణి పెట్టుకుంటాడు, నేను ఖాళీగా ఉంచుతాను. ఆ ఒక్క విషయంలో ఎవరం ఎవర్నీ మార్చలేదు. కానీ 432 మెసేజీ ఇక ఎవరికీ పంపనన్నాడు, లెక్క తప్పు కాబట్టి.

బస్సుకి బయల్దేరుతుంటే అడిగాడు, "మరి వచ్చే ఏడాది సంకల్పం చెప్తావా?"

"చెప్తాను బాబాయ్." ఏ నదుల మధ్య, ఏ ఊళ్ళో, ఎవరి కొడుకుని అని కూడా అందులో ఉంటుంది. ఆ భాగంలో నాకు ఏ అనుమానమూ లేదు.

"అయితే ముందురోజే రా. ఈసారిలా పొద్దున్న బస్సు దిగి పరిగెత్తుకు రాకు."