పందికొక్కు, పద్నాలుగు పాయింట్లు

ఇంగ్లీషువారు బాండికూట్ అని పలికే మాట తెలుగు పందికొక్కే. పంది, కొక్కు అన్న రెండు పదాల కలయికతో ఏర్పడిన ఈ సమాసంలో కొక్కు అంటే పెద్ద ఎలుక. నేలను పెళ్లగిస్తూ, బెదిరితే గుర్రుమనే ఆ జంతువుకు అంతకన్నా అతికే పేరు దొరకదు. భారతదేశంలోని ఇంగ్లీషువారి నోట స్థిరపడిన దేశి మాటలకు హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు 1886లోనే దీని తెలుగు పుట్టుకను స్పష్టంగా నమోదు చేసింది.

గాండ్లపెంట రైతుకు ఈ జంతువును పరిచయం చేయనక్కరలేదు. ఆ ఊరి పేరు కూడా సమాసమే: గాండ్లవారు గానుగ ఆడించి నూనె తీసే వృత్తివారు, పెంట అన్నది నేటి వాడుకలో ఎరువుకుప్పే అయినా, ఊళ్ల పేర్లలోనూ, నల్లమల చెంచుల ఆవాసాల పేర్లలోనూ చిన్న జనావాసానికి గుర్తు. 1910లో కదిరి ప్రాంతంతో పాటు కడప జిల్లా నుంచి అనంతపురం జిల్లాకు మారి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ మెట్టనేలకు చెనక్కాయే ప్రధాన పంట. గట్టు వెంట బొరియ నోట తాజా మట్టి కుప్పగా కనిపిస్తే చేను గుల్లవుతున్నట్టే లెక్క; పైన ఆకు పచ్చగానే ఉంటుంది కానీ, చెట్టును పీకి చూస్తే ఊడలు తప్ప కాయలు ఉండవు.

మాట మాత్రం సముద్రం దాటింది. 18వ శతాబ్ది చివర ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువారు, అక్కడ పొడుగు మూతితో నేలను తవ్వే ఒక సంచి జీవిని, అంటే పిల్లలను పొట్టమీది సంచిలో పెంచే జంతువును, ఎలుక జాతితో ఏ చుట్టరికం లేకున్నా బాండికూట్ అనే పిలిచారు. అక్కడి వాడుకలో అది క్రియగా కూడా మారింది: పైన ఆకు కదలకుండా, వేళ్లతో మట్టి తోడి బంగాళాదుంపలు కాజేయడాన్ని అదే మాటతో చెబుతారు. గాండ్లపెంట చేలల్లో జరిగే నష్టానికి ఇంత దగ్గరగా వచ్చే అర్థం అంత దూరాన పుట్టడం నిజంగా అబ్బురమే.

స్క్రాబుల్ అన్న పదక్రీడలో ఈ మాటకు అంకెల విలువ ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో పని కోల్పోయిన అమెరికన్ వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ బట్స్, పత్రికల పుటల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టి, తరచు వచ్చేవాటికి 1, అరుదైనవాటికి 10 వరకు పాయింట్లు నిర్ణయించాడు. ఆ లెక్కన బి, సి అక్షరాలకు మూడేసి, డి అక్షరానికి రెండు, మిగిలిన ఆరింటికి ఒక్కొక్కటి కలిపితే బాండికూట్ విలువ 14. ఆటగాడి చేతిలో ఏడు బిళ్లలే ఉంటాయి కనుక, తొమ్మిదక్షరాల ఈ మాట పూర్తి కావాలంటే కొన్ని అక్షరాలు ముందే బల్లమీద ఉండాలి. బొల్లికోడి అనే నీటిపక్షికి ఇంగ్లీషు పేరైన కూట్ అక్కడ ఉంటే, దాని ముందు ‘బాండి’కి కావలసిన ఐదు బిళ్లలు పేర్చితే చాలు. ‘బాండి’ పంది, ‘కూట్’ కొక్కు. పాత ఆరు పాయింట్లకు కొత్త ఎనిమిది చేర్చే ఆటగాడు తెలుగు సమాసం ఎక్కడ అతికిందో సరిగ్గా అక్కడే అక్షరాలను అతికిస్తాడు.