ఆసనమను మాట

యోగాభ్యాసమునకు నూతనముగా పూనుకొనువారు మొట్టమొదట విను మాట ఆసనము. జూన్ 21వ తేదీని యోగదినముగా ఐక్యరాజ్యసమితి 2014వ సంవత్సరమున నిర్ణయించిన పిమ్మట ఈ మాట పల్లెలకును ప్రాకినది. నేను బడి విడిచి చాలకాలమైనను మోకాళ్లు వంగని వృద్ధులు కొందఱు నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ, ఆ వంపులు మావలన గావు, మాకు యోగము లేనట్లే గదా!” యని విచారింతురు. అట్టివారి కొఱకే ఈ శబ్దము నడచివచ్చిన త్రోవను చూపదలచితిని.

సంస్కృతమున ‘ఆస్’ ధాతువునకు కూర్చుండుట యని యర్థము. కూర్చుండు పీటయు ఆసనమే. పూజలో దేవునికి మనము సమర్పించునది ఇదియే. పతంజలి యోగసూత్రములు 195, కొందఱి లెక్కను 196. వానిలో ఆసనమును గూర్చినవి మూడే. కదలక, బాధపడక కూర్చుండుమనుటయే వాని సారము. ఒక్క యాసనమునకైనను ఆయన పేరు పెట్టలేదు. పేళ్లు వ్యాసభాష్యమున కానవచ్చును. అచ్చట పద్మాసన వీరాసనములతో పాటు ఏనుగు కూర్చుండు తీరు, ఒంటె కూర్చుండు తీరు సైతము కలవు. అన్నియు కూర్చుండు తీరులే సుమా! అందే సోపాశ్రయమని యొకటి కలదు. అనగా ఊత గొని కూర్చుండుట. ఆ యూతను యోగపట్టమని వ్యాఖ్యాతలు వివరించిరి. యోగనరసింహుని విగ్రహములందును అయ్యప్పస్వామి విగ్రహమునందును మోకాళ్లను చుట్టిన పట్టె అదియే. దేవతలకే ఊత తప్పు గానప్పుడు మన వృద్ధులకేల తప్పగును?

15వ శతాబ్దమున స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపికకు వచ్చుసరికి మాట మాఱినది. అందు వర్ణితములైన ఆసనములు 15. వానిలో మయూరాసనమున దేహమంతయు మోచేతులపై నిలుచును. దానిని కూర్చుండుట యనుట యెట్లు? శబ్దము ధాత్వర్థమును విడిచి రూఢి కెక్కినదన్నమాట. ఘేరండసంహితలో లెక్క 32 అయినది. 1933లో కృష్ణమాచార్యులవారు మైసూరు జగన్మోహన ప్రాసాదమున యోగశాలను నడపనారంభించిరి. వారి శిష్యులు అయ్యంగారు 1966లో వెలువరించిన ఆంగ్లగ్రంథమున అవి సుమారు 200.

ఈ మార్పునంతయు 20వ శతాబ్దపు వ్యాయామశాలలకే అంటగట్టువారు కలరు. నేను సమ్మతింపను. దేహమును మెలిద్రిప్పు ఆసనములవారిని మన వేమన మల్లుల కసరత్తుతో పోల్చి, దానికంటెను ఒకింత తక్కువయే యని యెన్నడో యెగతాళి చేసినాడు. ఆ పరిహాసము జనులకు బోధపడినదన్న, ఆసనము నాటికే తెలుగునాట దేహసాధనగా నెఱుకపడియుండవలెను.

ఆసనము కుదిరిన పిమ్మట పతంజలి చెప్పునది ప్రాణాయామము. దీనిని ప్రాణము, యామము అని విఱుచువారు పెక్కురు. అది ప్రాణము, ఆయామము. ఆయామమనగా నిడుపు, నియమనము అని రెండర్థములు. పూరక కుంభక రేచకములను పేళ్లు సూత్రములందు లేవు, తరువాత వచ్చినవి. కుంభకము కుంభమునుండి పుట్టినది. నీరు నిండి తొణకని కుండను తలచుకొన్నచో ఆ మాట మఱి మఱువరాదు.