టాంకుకు పైకప్పు

మద్రాసు రాజధాని నాటి ఇంగ్లీషు రికార్డులలో "టాంకు" అన్న మాట కనబడితే అది చెరువు. శృంగవరపుకోట చుట్టుపట్ల, అనంతగిరి కొండల దిగువన, వరిచేలకు నీరిచ్చే చెరువులన్నీ ఆ లెక్కలలో టాంకులే. ఇంత శాంతమైన మాట ఒక యుద్ధశకటానికి పేరు కావడం వెనుక చిన్న కపటం ఉన్నది. 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఒక ఉక్కుయంత్రం రహస్యంగా తయారవుతూ ఉండగా, శత్రువుకు ఆనవాలు చిక్కకుండా అది నీటితొట్టి అని ప్రచారం చేసినారు. ఆ దొంగపేరే చివరకు దొరపేరైనది.

ఈ టాంకు నేడు ఒక వింత శత్రువు ఎదుట నిలబడి ఉన్నది. మన పొలాలలో మందు చల్లడానికి, పెండ్లిండ్లలో ఫోటోలు తీయడానికి వాడే డ్రోను వంటి చిన్న యంత్రం కొద్దిపాటి మందుగుండును మోసుకొనివచ్చి టాంకు నెత్తిన వాలుతున్నది. ఇద్దరు మోయనక్కరలేని వస్తువు నలభై టన్నుల ఉక్కును దగ్ధం చేస్తున్నది. ఈ వింతలో కొత్త ఎంత, పాత ఎంత అన్నదే నేటి మన విచారణ.

టాంకు మొదటిసారి రణరంగంలో కనబడినది 1916 సెప్టెంబరు 15వ తేదీన, ఫ్రాన్సులోని ఫ్లేర్స్ గ్రామం వద్ద. బరువు ఇరువదియెనిమిది టన్నులు, లోపల ఎనిమిదిమంది మనుష్యులు. ఆ తొలి టాంకులలో కొన్నింటి నెత్తిన ఏటవాలుగా కట్టెలు నిలిపి, వానిపై ఇనుపతీగల వల పరచినారు. కందకాలనుండి విసరిన చేతిబాంబు ఆ వలమీద పడి దొర్లిపోవాలని ఉద్దేశం. కాబట్టి నేటి టాంకులపై కనబడే పంజరాన్ని చూచి, ఇది నిన్న పుట్టిన ఉపాయమని అనుకొనరాదు. అది టాంకుతోపాటే పుట్టినది.

అయినను, తరువాతి టాంకుల నిర్మాతలు పైకప్పును అంతగా పట్టించుకోలేదు. అందుకు కారణం లేకపోలేదు. టాంకు మోయగల బరువుకు ఒక హద్దు ఉన్నది. శత్రువు ఎదురుగా నిలిచి కాల్చుతాడు గనుక ఉక్కులో పెద్దపాలు ముఖానికి పోయినది. కొంత పక్కలకు దక్కినది. నెత్తికి మిగిలినది పలుచని రేకు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో మరొక చిక్కు వచ్చినది. మందుగుండులో గరాటు వంటి గుంట చేసి, దానికి రాగి మొదలైన లోహపు తొడుగు వేసి పేల్చితే, ఆ లోహం సన్నని ధారగా సాగి మందమైన ఉక్కును సైతం తూట్లు పొడుస్తుంది. ఈ సూత్రంతో 1942లో అమెరికా బజూకాను, 1943లో జర్మనీ పాంజర్‌ఫాస్ట్‌ను సైనికుల చేతికిచ్చినవి. ఒక్క పదాతి టాంకును కొట్టగలిగినాడు. 1945లో బెర్లిను వీధులలో ప్రవేశించిన రష్యను టాంకులవారు తమ బండ్లచుట్టు తీగచట్రాలు కట్టుకొన్నారు. గుండు ఉక్కును తాకకముందే దూరాన పేలితే ఆ ధార చెదరి బలం తగ్గునని వారి ఆశ. 1982లో లెబనానులో ఇజ్రాయెలు టాంకులు పేలుడు పలకలను కవచానికి తగిలించుకొని దిగినవి. గుండు తగిలిన క్షణంలో ఆ పలక తానే పేలి ధారను చెల్లాచెదరు చేస్తుంది.

నెత్తిమీది అపాయం మన దేశానికి తెలియనిది కాదు. 1971 డిసెంబరులో రాజస్థాను ఎడారిలోని లోంగేవాలా వద్ద మన హంటర్ విమానాలు పాకిస్తాను టాంకులను ఆకాశంనుండి వేటాడినవి. 1983లో ఆరంభమైన క్షిపణి పథకం క్రింద హైదరాబాదు పరిశోధనాలయంలో రూపొందిన "నాగ్" క్షిపణి కూడ పైకి లేచి టాంకు నెత్తిన దిగే విధంగా కల్పించబడినది. ఆ హైదరాబాదుకు చేరువనే, ఎద్దుమైలారంలో 1984లో స్థాపించిన కర్మాగారం సైనికులను మోసే "శరత్" కవచశకటాలను నిర్మిస్తున్నది. కవచమూ, కవచాన్ని ఛేదించే బాణమూ తెలుగునేలమీద ఇరుగుపొరుగున పెరిగినవి.

అయితే విమానమూ, క్షిపణీ ఖరీదైనవి. ఎన్నో ఉండవు. 2020లో నగోర్నో కరబాఖ్ యుద్ధంలో మానవరహిత విమానాలు టాంకులను వరుసగా కూల్చగా లోకం చూచినది. 2022 తరువాత ఉక్రెయినులో డ్రోను మరింత చిన్నదైనది. దానిని నడిపేవాడు దూరాన కూర్చుండి, కంటికి అద్దాలు తగిలించుకొని, డ్రోను కెమెరా చూచేదానినే తానూ చూస్తూ, టాంకులో ఏ మూల పలుచనో ఆ మూలకే దానిని తోలుతాడు. వెల కొన్ని వందల డాలర్లు. టాంకు వెల పదులకొలది లక్షల డాలర్లు. పది డ్రోనులు వ్యర్థమైనా పదకొండవది తగిలితే నష్టం టాంకు వానిదే.

ఎదురు ఉపాయాలు మూడు విధాలు. మొదటిది కప్పు. టాంకులవారు ఇనుపకమ్ములతో, వలలతో పంజరాలు కట్టినారు. 2024లో కొన్ని రష్యను టాంకులు పూర్తిగా రేకులషెడ్డు వేసుకొని తాబేళ్ళవలె కనబడినవి. కాని ఆ షెడ్డు క్రింద ఫిరంగి చుట్టు తిరుగదు, లోపలివానికి బయట కానరాదు. రెండవది డ్రోనుకు అందే రేడియో ఆజ్ఞను చెరచడం. మన ఇంటి రేడియోలో ఒక స్టేషనుమీద మరొకటి వచ్చి పడితే మాట వినబడనట్లే, అక్కడ డ్రోనుకు యజమాని మాట వినబడదు. దీనికి విరుగుడుగా సాలెపురుగువలె సన్నని గాజుదారాన్ని విడుచుకొంటూ పోయే డ్రోనులు వచ్చినవి. ఆజ్ఞ దారంగుండా పోతుంది గనుక రేడియోతో పని లేదు. మూడవది, వచ్చేదానిని గాలిలోనే కూల్చడం. ఇజ్రాయెలు టాంకులపై ఇట్టి రక్షణయంత్రం 2011లోనే యుద్ధంలో పని చేసినది. అయితే అది ముఖ్యంగా పక్కలనుండి దూసుకువచ్చే రాకెట్లకోసం పుట్టినది. నిట్టనిలువుగా దిగేదానికోసం దానిని సవరించవలసి వచ్చినది.

ఈ పోటీ మన ఇంటి ముంగిటికి కూడ వచ్చినది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు పరీక్షాక్షేత్రంలో వాహనంపై అమర్చిన లేజరు కిరణంతో మన శాస్త్రజ్ఞులు మానవరహిత విమానాన్నీ, గుంపుగా వచ్చిన డ్రోనులనూ కూల్చినారు. అదే క్షేత్రంలో జూలై నెలలో డ్రోనునుండి విడిచే చిన్న క్షిపణిని పరీక్షించినారు. దానికి అమర్చే తలలలో ఒకటి కవచశకటాలను ఛేదించడానికే ఉద్దేశింపబడినది. డాలూ కత్తీ ఒకే ఏట, ఒకే నేలపై పరీక్షకు నిలిచినవి.

ఇక్కడ మన ఉత్తర జిల్లాల కథ ఒకటి గుర్తుకు రాక తప్పదు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులముందు బొబ్బిలికోట కూలినది. గోడలను నమ్ముకొన్నవారు గోడలనడుమనే నశించినారు. కాని గెలిచిన పక్షాన ఉన్న విజయరామరాజు కొద్దిరోజులలోనే, అంత సైన్యం నడుమ, తన డేరాలోనే తాండ్ర పాపారాయుని చేతిలో హతుడైనాడు. ఫిరంగి ఎదుట కోటగోడ నిలువలేదు. చొరబడిన కొద్దిమంది ఎదుట సేన కాపలా నిలువలేదు. కాపుదల ఎంతటిదైనా, అది ఎదురుచూచిన దిక్కునకే కాపుదల.

కాబట్టి టాంకుకు కాలం చెల్లినదని తొందరపడి తీర్పు చెప్పరాదు. గుండ్లవానలో పదాతిని ముందుకు తీసుకొనిపోవడానికి అంతకంటె మేలైన సాధనం ఇంకను రాలేదు. చెల్లినది ఒంటరి టాంకు కాలం. ఇకమీదట అది ఆకాశాన్ని కనిపెట్టే కన్నుతో, డ్రోనులను కూల్చే తోడుతో, పదాతి అండతో కదలవలసి ఉన్నది. ఇన్ని తోడులు సమకూరేవరకు మూల్యం చెల్లించేది ఇనుము కాదు. రష్యను రకపు టాంకులలో ముగ్గురు మనుష్యులు తాము పేల్చే గుండ్ల నిలువకు ఆనుకొనే కూర్చుంటారు. పైకప్పు తూటుపడి ఆ గుండ్లు అంటుకొంటే తప్పించుకొనేందుకు వ్యవధి ఉండదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి సైన్యంలో చేరే యువకులు తక్కువేమీ కారు. వారి ఇండ్లలో కూడ రేడియో మ్రోగుతున్నది. పంజరం కట్టిన టాంకు వార్త విన్నప్పుడు, ఆ కమ్ములను తమ చేతులతో బిగించుకొన్న ముగ్గురిని కూడ మనము తలచుకొనడం న్యాయం.