ఎటూ పోని రోడ్డు

నార్త్ కరోలినా పడమటి కొండల్లో బ్రైసన్ సిటీ అనే చిన్న ఊరుంది. అక్కడినుంచి ఫాంటానా రిజర్వాయరు వైపు వెళ్లే దారిలో, ఎటూ పోని రోడ్డుకు స్వాగతమంటూ ఒక బోర్డు కనిపిస్తుంది. 1943లో ఇచ్చిన మాట తప్పారని కూడా దానిమీదే రాసి ఉంటుంది. విశాఖవాళ్లకు అరకు ఎలాగో, షార్లట్ తెలుగువాళ్లకు ఈ కొండలు అలాగ. పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. మా అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు పిల్లలతో సహా అందరం వెళ్లాం.

ఆ రోడ్డు ఆరేడు మైళ్లు కొండ అంచున సాగి సొరంగంలో దూరుతుంది. దాదాపు 1,200 అడుగుల సొరంగం దాటితే ఇక కాలిబాటే. అరకు వెళ్లే కేకే రైలు లైను సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పెరిగినవాణ్ణి, అవతల ఊరూ స్టేషనూ లేని సొరంగాన్ని చూడడం నాకదే మొదలు.

కథ రెండో ప్రపంచయుద్ధం నాటిది. విమానాలకు అల్యూమినియం కావాలి, అల్యూమినియానికి కరెంటు కావాలి. టెనెసీ వ్యాలీ అథారిటీ 1942 జనవరిలో పని మొదలుపెట్టి, రాత్రింబవళ్లు షిఫ్టులు నడిపి, 1944 నవంబరుకల్లా 480 అడుగుల ఫాంటానా డ్యామ్ కట్టేసింది. 1,300కు పైగా కుటుంబాలు ఊళ్లు వదిలాయి. ఉత్తరపు ఒడ్డున పాత రోడ్డు మునిగింది. ఆ ఒడ్డు భూమంతా నేషనల్ పార్కులో కలిసింది. మునిగిన రోడ్డుకు బదులు యుద్ధం అయ్యాక కొత్తది వేస్తామని 1943లో బ్రైసన్ సిటీ ఉన్న స్వెయిన్ కౌంటీతో ఒప్పందం రాసుకున్నారు. కొంత వేసి, కొండరాయి తవ్వితే వాగుల్లోకి ఆమ్లం దిగుతోందని 1970ల మొదట్లో ఆపేశారు. చివరికి 2010లో, రోడ్డుకు బదులు 5.2 కోట్ల డాలర్లిస్తామన్నారు. ఆఖరి వాయిదా అందేసరికి 2018 వచ్చింది.

అవతలి ఒడ్డున మునగని శ్మశానాలు రెండు డజన్లకు పైనే ఉన్నాయి. వేసవిలో పార్కు సిబ్బంది ఆ కుటుంబాలను పడవల్లో దాటిస్తారు. సమాధుల మీద పూలు పెట్టి, అక్కడే కలిసి భోంచేసి తిరిగొస్తారు.

"ఇది మన జోలాపుట్టు డ్యామ్‌లాగే ఉందిరా," అంది అమ్మ. పోలిక నీళ్లదగ్గరే ఆగదు. జోలాపుట్టు కట్టింది మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు తలపెట్టిన ఆ ప్రాజెక్టు 1955లో కరెంటివ్వడం మొదలెట్టింది. మన ఇంజినీర్లకు అప్పట్లో ఈ టెనెసీ సంస్థే ఆదర్శం. 1948లో పెట్టిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌ను దీన్ని చూసే రూపొందించారు. మాచ్‌ఖండ్ నది కిందికి దిగితే సీలేరు. దానిమీద బలిమెల డ్యామ్ కట్టాక ఒడిశా మల్కనగిరి వైపు 151 ఊళ్లు నీళ్ల మధ్య చిక్కుకున్నాయి. పత్రికలవాళ్లు కటాఫ్ ఏరియా అంటూ వచ్చింది దాన్నే. అక్కడికి గురుప్రియ వంతెన తెరిచింది కూడా 2018లోనే. స్వెయిన్ కౌంటీవాళ్లు రోడ్డు రాక డబ్బు పుచ్చుకున్న ఏడే, మల్కనగిరివాళ్లకు దారి దొరికింది.

అలాగని ఇక్కడి రైతులను ఉత్త బాధితులుగానే చూడలేను. వాళ్లు పోగొట్టుకున్న లోయలు అంతకు నూరేళ్ల ముందు చెరోకీ ఆదివాసులవి. చెరోకీల దగ్గరా కాగితాలున్నాయి. 1832లో అమెరికా సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. అయినా 1838లో సైన్యం దాదాపు 16,000 మందిని పడమటికి తోలింది. దారిలో, శిబిరాల్లో 4,000 మంది దాకా పోయారని అంచనా. కొండల్లో మిగిలినవాళ్లకు సొంతపేరున భూమి కొనే హక్కు లేదు. విలియం థామస్ అనే తెల్ల వ్యాపారి తన పేరున కొనిపెట్టిన భూమే తర్వాత వాళ్ల స్థావరమైంది. గిరిజనుడి భూమి బయటివాడి చేతికి పోకూడదంటుంది మన 1/70 చట్టం. ఇక్కడ బయటివాడి పేరున ఉంటేనే భూమి దక్కింది!

బొర్రా కొండల గనుల మీద 1997లో గిరిజనుల పక్షాన వచ్చిన సమత తీర్పు తెలిసినవాళ్లకు, చెరోకీల కథలో అసలు సంగతి చెప్పక్కర్లేదు. తీర్పు రావడం ఒకటి, దాన్ని అమలు చేయించుకోవడం ఇంకొకటి. స్వెయిన్ కౌంటీవాళ్లకు కాగితంతోపాటు ఓటు బలముంది, లాయరుకిచ్చే డబ్బుంది. జోలాపుట్టు కింద ఊరు పోగొట్టుకున్న గదబ రైతుకు ఇవేవీ లేవు.

"జోలాపుట్టు నీళ్లకింద ఊళ్ల పేర్లేంటి నానమ్మా?" అని మా చిన్నది అడిగితే అమ్మ చెప్పలేకపోయింది. నాకూ తెలీదు. మాచ్‌ఖండ్ కరెంటు వచ్చేనాటికి పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఎనభై దాటారు. ముంచింగిపుట్టు, పెదబయలు బడుల్లో పనిచేసే మాస్టార్లకు నా మనవి ఒక్కటే: ఏ ఊరు మునిగింది, ఎవరెక్కడికి వెళ్లారు అన్నది ఆ ముసలివాళ్ల నోట చెప్పించి నోటుబుక్కులో రాయించండి. పాడేరు ఐటీడీఏవాళ్లు దాన్ని పుస్తకంగా వేస్తే పెద్ద ఖర్చేమీ కాదు.