చేతిపనివాని రాబడి – సర్కారు లెక్క

నెలకు ఇంతయని జీతము పుచ్చుకొను ఉద్యోగి రాబడిని తెలిసికొనుటకు ఏ ప్రభుత్వమునకును ప్రయాసము లేదు. జీతపు పట్టీ చూచిన చాలును. ఎవరి కొలువునను లేక, తన విద్యనో హస్తకౌశలమునో నమ్ముకొని, ఒక మాసము నిండుగను మఱొక మాసము వెలితిగను బ్రతుకు సాలె, వడ్రంగి, వైద్యుడు, వకీలు, కంట్రాక్టరు మొదలగువారి ఆదాయమెంతయో నిర్ణయించుట మాత్రము రాజ్యములు పుట్టిననాటి నుండియు చిక్కుగనే యున్నది. ఆ చిక్కును మన దేశమున ఏ కాలమున ఎట్లు విడదీయజూచిరో పరిశీలించినచో, పనివాని మాటను వినుటకు ప్రభుత్వములు ఎంత ఆలస్యముగ సమ్మతించెనో తెలియగలదు.

మనుస్మృతి సప్తమాధ్యాయము వర్తకుని విషయమున ఆశ్చర్యకరమైన సూక్ష్మదృష్టి చూపినది. కొన్న ధర, అమ్మిన ధర, నడచిన దూరము, తిండి ఖర్చు, సరకు కాపాడుటకైన వ్యయము, వీనినన్నిటిని చూచి మఱి పన్ను గొనుమని రాజునకు విధించినది. చేతిపనివారికి మాత్రము ఇట్టి లెక్క లేదు; నెలకొక దినము రాజునకు ఊరక పని చేయవలసినదే. వర్తకునకు దక్కిన న్యాయము శిల్పికి దక్కలేదు.

విజయనగర కాలమునాటికి మగ్గమునకు ఇంత, గానుగకు ఇంత యని పనిముట్టునుబట్టి పన్ను కట్టెడి పద్ధతి వేళ్లూనియుండెను. మంగళ్లకును పన్ను తప్పలేదు; దానిపై వెట్టి అదనము. పదునాఱవ శతాబ్ది నడుమ, కొండోజు అను మంగలి తన క్షురకర్మ నైపుణ్యముచే విజయనగర రాజ్యభారము వహించిన అళియ రామరాయలను మెప్పించి, తనకు మాన్యము కోరుకొనుటకు మాఱుగ తన వృత్తివారి కెల్లరకును పన్నులును వెట్టియు తీసివేయించుకొనెను. ఈ మినహాయింపును తెలుపు శాసనములు ఊరూరను చెక్కబడినవి. ఒక శ్రామికుని పేర ఇన్ని శిలలు నిలిచిన సందర్భము మన చరిత్రలో మిక్కిలి అరుదు. విజయనగర వైభవమును వర్ణించువారు ఏనుగుల బారులతోపాటు ఈ రాళ్లను గూడ తలచుట ధర్మము.

ఈస్టిండియా కుంపిణీవారికి సంక్రమించిన మొహతర్ఫా యను వృత్తిపన్ను ఈ పాత పద్ధతికే కొనసాగింపు. మగ్గపు గుంటలో కూర్చుండి నేయువాడు నెలకెన్ని చీరలు దింపెను, నూలు ధర పోగా మిగిలినదేమి, సంతలో అవి అమ్ముడయ్యెనా లేదా యని అడుగువాడు లేడు. ఇంట మగ్గమున్నదా, పన్ను ఉన్నది. పడుగు సాగక, ఆసు తిరుగక, వానకాలపు తేమకు పని నిలిచిన దినములలోను లెక్క మగ్గముదే కాని కూలిది కాదు. వర్తకులపై విధించు వీసబడి దారి వేఱు: పేటకు ఇంత మొత్తమని సర్కారు నిర్ణయింపగా, ఎవరి వంతు ఎంతయో వర్తకులే కూడి పంచుకొనెడివారు. ఇరుగుపొరుగు దుకాణముల వాసి తెలిసినవారి పంపకము కనుక ఇది కొంత మేలు. కాని బలవంతుని వంతు తగ్గి బలహీనుని వంతు పెరుగుటకును ఇందు సందు గలదు.

1852లో చెన్నపట్టణమున గాజుల లక్ష్మీనరసు శెట్టి స్థాపించిన నేటివ్ అసోసియేషన్ బ్రిటిషు పార్లమెంటునకు పంపిన విజ్ఞాపనలో మొహతర్ఫాను తీవ్రముగ ఖండించెను. దారి ప్రక్కన కూర్చుండి అమ్ముకొనువాడు సైతము దీనికి లోబడవలెననియు, పనిముట్టు వెలకు ఆఱు రెట్లు పన్ను పడుట తఱచనియు అందు మొఱపెట్టుకొనిరి. తెలుగు వర్తకుడొకడు నేతగాని పక్షమున ఇట్లు నిలుచుట మనకు గర్వకారణము.

1857 తిరుగుబాటు మిగిల్చిన అప్పులు తీర్చుటకై వైస్రాయి మండలి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860 ఫిబ్రవరి 18న ఆదాయపు పన్నును ప్రతిపాదించుచు మనువునే సాక్షిగ పిలిచెను. మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ దీనిని బహిరంగముగ నెదిరించి పదవి కోల్పోయెను. విల్సనో ఆ యాగస్టులోనే కలకత్తాలో కన్నుమూసెను. 200 రూపాయలు మొదలు 500 లోపు రాబడికి నూటికి రెండు, ఆపైన నాలుగు రేటు. వృత్తి వ్యాపారములవాడు తన సంవత్సరపు రాబడిని తానే కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. మగ్గమును లెక్కించు సర్కారు మనిషిని అడుగుటకు ఇదియే ఆరంభమని నా అభిప్రాయము. అయినను ఖాతా పుస్తకము లేని చిల్లర వర్తకుడు వ్రాసినదానిని అధికారి నమ్మక, అధికారి నిర్ణయించినదానిని వర్తకుడు ఒప్పక కలహములు పుట్టెను. 1862లో 500 లోపువారిని వదలివేసిరి. 1865లో చట్టమే ముగిసినది. మొహతర్ఫాయు ఆ కాలముననే అంతరించినది. లైసెన్సు పన్నులు కొన్ని వచ్చిపోయిన పిదప, 1886 చట్టముతో ఆదాయపు పన్ను స్థిరపడినది.

1922 చట్టము వృత్తి రాబడిలోనుండి దానికై పెట్టిన ఖర్చులను మినహాయించు నియమమును పదిలపఱచినది. మనువు వర్తకునకే పరిమితము చేసిన న్యాయము వకీలునకును వైద్యునకును అందెను. 1972 నుండి కంట్రాక్టరుకు చెల్లించువాడే కొంత పన్ను ముందుగ కోసి కట్టవలెనను నియమమేర్పడినది. పనివాడు నోరు విప్పకమునుపే అతనికి డబ్బిచ్చినవాని సాక్ష్యము కచేరీకి చేరుచున్నది. 2017 ఏప్రిల్ నుండి వైద్యులు, ఇంజనీర్లు మున్నగు కొన్ని వృత్తులవారు, నియమిత పరిమితికి లోబడి, వచ్చిన మొత్తములో సగమునే ఆదాయముగ చూపి, పద్దులు వ్రాయు శ్రమ తప్పించుకొనవచ్చును. ఆదాయపు పన్ను ఇప్పుడు పడునది సంపాదించిన రాబడిమీదనే; పని లేని మాసమునకు బాకీ లేదు. మగ్గము నిలిచిన దినములకును పన్ను కట్టిన నేతగాండ్రకు ఈ ఒక్క న్యాయము దొరికియుండిన, ఎన్ని ఇండ్ల మగ్గములు బ్రతికియుండెడివో.