మొబైల్ ఫోన్‌లో రెండు దారులు: వెబ్ యాప్‌లు, నేటివ్ యాప్‌ల చరిత్ర

పరిచయం

మీ ఫోన్ తెర మీద వరుసగా కనిపించే బొమ్మలన్నిటినీ మనం యాప్‌లు అనే పిలుస్తాం. నిజానికి వాటిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది వెబ్ యాప్. ఇది హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ అనే ఉమ్మడి ప్రమాణాలతో తయారై బ్రౌజర్ ద్వారా నడుస్తుంది. కాబట్టి ఫోన్ ఏ కంపెనీదైనా తెరుచుకుంటుంది. రెండోది నేటివ్ యాప్. దీన్ని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసమే ప్రత్యేకంగా తయారు చేస్తారు. ఐఫోన్ కోసం తయారైనది ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవదు. చూపుకు రెండూ ఒకేలా ఉండవచ్చు. అయితే వాటి చరిత్ర చదివితే ఒక ముఖ్యమైన ప్రశ్న ఎదురవుతుంది: ఒక కొత్త సేవ మీ ఫోన్‌కు చేరాలంటే ఎవరి అనుమతి కావాలి?

ఆరంభ దశ (2007-2008)

మొదటి ఐఫోన్ 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పటికి యాప్ స్టోర్ లేదు. అదే నెల 11న జరిగిన డెవలపర్ల సమావేశంలో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్, బయటివారు సఫారీ బ్రౌజర్‌లో నడిచే వెబ్ యాప్‌లు తయారు చేసుకోవాలని చెప్పారు. డెవలపర్లకు ఇది రుచించలేదు. యాపిల్ సొంత యాప్‌లు నేరుగా ఫోన్ మీద నడుస్తుండగా, తమవి మాత్రం బ్రౌజర్‌కూ, నాటి నెమ్మదైన నెట్‌వర్క్‌కూ లోబడి ఉండాలా అన్నది వారి అభ్యంతరం. కొందరు ఫోన్ రక్షణలను ఛేదించి సొంత ప్రోగ్రాములు ఎక్కించారు కూడా.

అక్టోబర్‌లో యాపిల్ తన నిర్ణయం మార్చుకుంది. 2008 జూలై 10న సుమారు 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరుచుకుంది. ప్రతి యాప్‌నూ యాపిల్ పరిశీలించి అనుమతిస్తుంది. అప్పట్లో అమ్మకం ధరలో 30 శాతం తీసుకునేది. అదే ఏడాది అక్టోబర్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ మార్కెట్‌ను ప్రారంభించింది. డెవలపర్లకు వేగం, కెమెరా వంటి పరికరాల వాడకం దక్కాయి. ద్వారపాలకుని అధికారం స్టోర్ యజమానికి దక్కింది.

రెండు వ్యతిరేక నిర్ణయాలు

తరువాతి దశను అర్థం చేసుకోవడానికి రెండు సంస్థలను పోల్చి చూడండి. లండన్ నుంచి వెలువడే ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక 2011లో తన ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లను స్టోర్ నుంచి ఉపసంహరించి వెబ్ యాప్‌ వైపు మళ్లింది. చందా సొమ్ములో వాటా ఇవ్వడం, చందాదారుల వివరాలపై పట్టు కోల్పోవడం ఆ పత్రికకు ఇష్టం లేదు.

ఫేస్‌బుక్ సరిగ్గా ఎదురుదారి పట్టింది. దాని ఐఫోన్ యాప్ లోపల చాలా భాగం వెబ్ పేజీలే ఉండేవి; అది నెమ్మదిగా నడిచేది. 2012 ఆగస్టులో దాన్ని నేటివ్ యాప్‌గా తిరగరాశారు. వెబ్ పద్ధతి మీద అతిగా ఆధారపడటం తమ పెద్ద పొరపాటని మార్క్ జుకర్‌బర్గ్ మరుసటి నెలలోనే అంగీకరించారు. మొదటి సంస్థకు స్వేచ్ఛ ముఖ్యమైంది, రెండో సంస్థకు వేగం ముఖ్యమైంది.

భారతదేశ అనుభవం

మన దేశంలో 2015 మేలో మింత్రా తన వెబ్‌సైట్‌ను మూసివేసి యాప్ ద్వారా మాత్రమే అమ్మకాలు సాగించింది. కానీ 2016లో ముందు మొబైల్ వెబ్‌సైట్‌నూ, తరువాత కంప్యూటర్ వెబ్‌సైట్‌నూ తిరిగి తెరవవలసి వచ్చింది. ఆ సంస్థ యజమాని ఫ్లిప్‌కార్ట్ 2015 నవంబర్‌లోనే ఫ్లిప్‌కార్ట్ లైట్ అనే వెబ్ యాప్‌ను తెచ్చింది. దీన్ని ఫోన్ తెర మీద పెట్టుకోవచ్చు. సర్వీస్ వర్కర్ అనే పద్ధతి వల్ల పేజీ భాగాలు ఫోన్‌లోనే నిల్వ ఉండి, నెట్ అందనప్పుడు కూడా కొంతవరకు తెరుచుకుంటాయి. ఇలాంటివాటికి ప్రోగ్రెసివ్ వెబ్ యాప్‌లు అనే పేరు ఆ ఏడాదే వచ్చింది. తక్కువ నిల్వ గల ఫోన్, అంతంతమాత్రం సిగ్నల్ ఉన్నవారికి ఇది ఎంత మేలో మీరే ఊహించగలరు.

వెబ్ పూర్తిగా స్వేచ్ఛా మార్గమేనా?

అలా అనుకోవడం తొందరపాటు. వెబ్ యాప్‌కు స్టోర్ అనుమతి అక్కరలేదు, కానీ బ్రౌజర్ కావాలి. ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వాడినా లోపల యాపిల్ వారి వెబ్‌కిట్ యంత్రమే నడవాలన్న నియమం చాలాకాలం కొనసాగింది. అందుకే సర్వీస్ వర్కర్ సౌకర్యం ఐఫోన్‌కు 2018లో గానీ రాలేదు. 2024 ఫిబ్రవరిలో, ఐరోపా సమాఖ్య కొత్త చట్టం నేపథ్యంలో, తెర మీద పెట్టుకునే వెబ్ యాప్‌ల సౌకర్యాన్ని అక్కడ తొలగిస్తామని యాపిల్ ప్రకటించింది. తీవ్ర నిరసన రావడంతో మార్చి 1న వెనక్కి తగ్గింది. అంటే ద్వారం తొలగిపోలేదు, స్టోర్ దగ్గర నుంచి బ్రౌజర్ దగ్గరికి జరిగింది.

సారాంశం

ఏ యాప్‌నైనా మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఇది ఏ భాషలో, ఏ వ్యవస్థ కోసం తయారైంది? మీ దగ్గరికి స్టోర్ ద్వారా వచ్చిందా, లింకు ద్వారా వచ్చిందా? దాన్ని రేపు ఆపివేయగల అధికారం ఎవరిది? మొదటి రెండు ప్రశ్నలు యాప్ రకాన్ని తెలుపుతాయి. మూడోది ఈ పాఠాన్ని చరిత్ర పాఠంగా చేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఫోన్‌లో తరచుగా వాడే ఒక సేవను తీసుకుని, అది వెబ్ యాప్‌గా ఉంటే మీకు కలిగే లాభనష్టాలను పది వాక్యాలలో రాయండి.